పుట్టంగండి నీరు – పట్టణపు కుళాయి

నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున, నాగార్జునసాగర జలాశయపు అంచున, పుట్టంగండి యను తావు కలదు. కృష్ణ నీరు అచ్చట కాలువ వెంట పంపుహౌసు చెంతకు వచ్చును. యంత్రములు దానిని పైకెత్తి అక్కంపల్లి జలాశయమున చేర్చును. అక్కడనుండి కొంత నీరు నల్లగొండ జిల్లా పొలములకును, కొంత ఫ్లోరైడు పీడిత గ్రామముల దాహమునకును పోవును. మరికొంత కోదండాపురము వద్ద శుద్ధి చేయబడి, పెద్ద ఉక్కు గొట్టములలో నూరు కిలోమీటర్లకు పైగా పయనించి, సాహెబునగరు వద్ద హైదరాబాదు ప్రవేశించును. వనస్థలిపురమున నొక యిల్లాలు తెల్లవారుజామున కుళాయి త్రిప్పి బిందె నింపుకొనునప్పుడు, ఆ బిందెలో పడునది పెద్దవూర మండలమునుండి వచ్చిన నీరే.

ఆ కుళాయినుండి నీరు ధారగా వచ్చుట గాని, సన్నని దారమువలె వచ్చుట గాని దేనిపై ఆధారపడి యుండును? నదిలో నీరున్న వచ్చును, లేకున్న రాదు అని సామాన్యముగా తలంతుము. ఇది సగము మాత్రమే నిజము. సాగరము నిండుకుండవలె నున్న సంవత్సరమున గూడ, ఒకే వీథిలో మొదటి యింటివారికి రెండవ అంతస్తుదాక నీరెక్కుటయు, చివరి యింటివారు ట్యాంకరు కొరకు ఎదురుచూచుటయు మనము చూచుచునే యున్నాము. నదికిని బిందెకును నడుమ గొట్టముల అల్లిక యొకటి కలదు. ఆ అల్లిక ఎంత నీటిని ఎంత ఒత్తిడితో మోయగలదో లెక్కగట్టి చూచుకొనకయే ఊరు పెరిగినచో, కొత్త వీథికి నీరందదు సరికదా, పాతవీథికి అందుచున్న నీరును తగ్గిపోవును. ఈ లెక్కను ఇంజనీర్లు ఎట్లు కట్టుదురో, దానివలన మన కేమి ప్రయోజనమో నేడు విచారింతము.

మొదట నగరపు కథ కొంచెము తెలిసికొనవలెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తినది. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాపై వరదను ఆపుటకై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు నిర్మింపబడినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. ఉస్మాన్‌సాగరు నగరమునకు ఎగువన నున్నది గనుక నీరు పల్లమునకు తనంతట తానే ప్రవహించి వచ్చెడిది. నగరము పెరిగినకొలది ఈ రెండును చాలక, 1965 ప్రాంతమున మంజీర నీటిని, 1990వ దశకమున సింగూరు నీటిని తెచ్చుకొనవలసి వచ్చినది. తరువాత కృష్ణవంతు వచ్చినది. 2004లో మొదటి దశ, 2008లో రెండవ దశ, 2015లో మూడవ దశ కృష్ణ నీటి పథకములు నడకకు వచ్చినవి. 2015 చివరకు ఎల్లంపల్లినుండి గోదావరియు చేరినది. ఇంటిముంగిట నూతినుండి చేదుకొనిన ఊరు, తరము తరమునకును మరింత దూరపు నదివైపు చేయి చాచుచున్నది.

కృష్ణ పథకమున ఒక్కొక్క దశ దినమునకు 9 కోట్ల గ్యాలన్లు తెచ్చునట్లు నిర్మింపబడినది. మూడు దశలు కలిసి 27 కోట్ల గ్యాలన్లు, అనగా సుమారు 122 కోట్ల లీటర్లు. మనిషికి దినమునకు 135 లీటర్ల చొప్పున పంచినచో ఇది ఇంచుమించు 90 లక్షల మందికి చాలును. కాగితముపై ఈ భాగహారము చక్కగనే యుండును. అయితే నీరు అంకెవలె ఎక్కడ కావలసిన అక్కడ ప్రత్యక్షము కాదు. నూటికి 30 వంతులు దారిలో కారిపోయినదనుకొన్నచో, ఆ 90 లక్షలు 63 లక్షలగును. కారిపోక మిగిలిన నీరైనను ఒక మెట్టమీది వీథికి ఎక్కవలెనన్న, ఒత్తిడి ఉండవలెను. ఇక్కడనే అసలు లెక్క ప్రారంభమగును.

ఒత్తిడి యనగా నేమో మన పల్లెలలోని ఓవర్‌హెడ్ ట్యాంకును చూచిన తెలియును. ట్యాంకులోని నీటిమట్టము వీథికంటె 18 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. గొట్టములో నీరు కదలక నిలిచియున్నంతసేపు, వీథిలోని కుళాయివద్ద ఆ 18 మీటర్ల బలమును పూర్తిగా నుండును. కుళాయిలు విప్పగానే నీరు కదలును, గొట్టపు గోడలను రాచుకొనుచు నడచును. ఆ రాపిడిలో కొంత ఎత్తు ఖర్చగును. మిగిలినదే మన యింటికి వచ్చు ఒత్తిడి. కేంద్ర ప్రభుత్వము 1999లో వెలువరించిన నీటిసరఫరా మార్గదర్శక గ్రంథమున, ఒక అంతస్తు ఇండ్లకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12 మీటర్లు, మూడంతస్తులకు 17 మీటర్లు మిగిలి యుండవలెనని నిర్ణయించిరి.

ఒక ఉదాహరణము తీసికొందము. ట్యాంకునుండి ఒక కిలోమీటరు దూరమున వేయి ఇండ్ల కాలనీ యొకటి యున్నది. ఇంటికి ఐదుగురు, మనిషికి 135 లీటర్లు అనుకొన్నచో, దినమునకు 6 లక్షల 75 వేల లీటర్లు కావలెను. దీనిని ఇరువదినాలుగు గంటలకు సమముగా పంచిన సెకనుకు 8 లీటర్లకు లోపే. కాని జనులు సమముగా నీరు వాడరు. ఉదయము ఆరు మొదలు తొమ్మిదిలోపల స్నానములు, వంట, బట్టలుతుకుట అన్నియు ఒక్కమారే వచ్చిపడును. అందువలన చిన్న ఊళ్లకు సగటునకు మూడింతలు లెక్కగట్టవలెనని అదే గ్రంథము చెప్పుచున్నది. అనగా సెకనుకు 23 లీటర్లకు పైన. ఈ నీరు 200 మిల్లీమీటర్ల వ్యాసముగల కొత్త గొట్టములో కిలోమీటరు నడచుటలో 3 మీటర్ల ఎత్తును ఖర్చుపెట్టును. పదునెనిమిదింట మూడు పోగా పదునైదు. రెండంతస్తుల ఇండ్లకు హాయిగా నీరెక్కును. కాలనీవారు సంతుష్టులు.

ఇప్పుడు ఆ కాలనీ ప్రక్కనే మరొక వేయి ఇండ్ల కాలనీ వెలసినది. ట్యాంకులో నీరు పుష్కలముగా నున్నది, గొట్టము గుమ్మము ముందరనే యున్నది, కలుపుకొన్న నేమి అని తోచును. నీరు రెట్టింపైనది గనుక రాపిడి ఖర్చును రెట్టింపై ఆరు మీటర్లగునని, పన్నెండు మిగులునని సామాన్యుని అంచనా. ప్రకృతి అట్లు లెక్కింపదు. ప్రవాహము రెట్టింపైనచో ఖర్చు మూడున్నర రెట్లకు మించును. మూడు మీటర్ల స్థానమున పదకొండు మీటర్లకు పైగా పోవును. మిగిలినది ఏడు మీటర్లకు లోపు. కొత్త కాలనీకి మాత్రమే కాదు, మొన్నటివరకు మేడమీద స్నానము చేసిన పాతకాలనీవారికిని నేలమీది కుళాయి సన్నబడును. వారు తమకు జరిగిన అన్యాయమునకు కారణము తెలియక, నీళ్లు విడుచు లైన్‌మన్‌ను నిందింతురు.

ఇదే లెక్క ఉపాయమును గూడ చెప్పును. పాత గొట్టమునకు తోడుగా అంతే పెద్ద గొట్టము మరొకటి వేసినచో, ఖర్చు తిరిగి మూడు మీటర్లకు దిగును. లేదా 200 మిల్లీమీటర్ల గొట్టము తీసి 250 మిల్లీమీటర్లది వేసినచో, రెండు కాలనీలకును కలిపి ఖర్చు నాలుగు మీటర్లలోపే. వ్యాసము నాలుగవవంతు పెరిగినంతనే ఖర్చు మూడవవంతునకు తగ్గుట విశేషము. మూడవ ఉపాయము మరింత చౌక. కొత్త కాలనీలో ఒక సంపు కట్టి, దానిలోనికి రాత్రింబవళ్లు సమముగా నీరు చేరునట్లు చేయుట. ఉదయపు రద్దీలో పాతకాలనీకి అడ్డుపడదు గనుక ఖర్చు ఐదు మీటర్లకు కొంచెము పైన నిలుచును, పన్నెండు మీటర్లకు పైగా ఒత్తిడి మిగులును. సంపునుండి ఇండ్లకు పంపుతో ఎక్కించుకొనవచ్చును. ఏ ఉపాయము మేలో నేలను త్రవ్వకముందే కాగితముపై తేల్చుకొనుట ఈ లెక్కవలని లాభము.

ఒక గొట్టమైన ఇట్లు చేతితో లెక్కింపవచ్చును. నగరమున గొట్టములు వేలు. అవి చెట్టుకొమ్మలవలె గాక వలవలె ఒకదానితో నొకటి కలిసి యుండును. వలలో నీరు ఏ కూడలివద్ద ఏ దారి ఎంత పట్టునో ముందుగా తెలియదు. ఒక దారిలో ఎక్కువ పోయిన అక్కడ ఒత్తిడి తగ్గును, తగ్గగానే నీరు వేరుదారి వెదకికొనును. ఈ చిక్కుముడిని విప్పు పద్ధతిని 1936లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హార్డీ క్రాస్ ప్రకటించెను. దాని సారము సులభము. కూడలిలోనికి వచ్చిన నీరు, కూడలినుండి పోయిన నీరు సమానము కావలెను. ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చినచో, దారిపొడవున పోయిన ఎత్తులు, వచ్చిన ఎత్తులు కలిసి సున్న కావలెను. మొదట ప్రవాహములను ఊహించి వ్రాసికొని, చుట్టు సున్న కాకున్న ఆ తేడాను బట్టి ఊహను సవరించుచు, తేడా పోవువరకు తిరుగ తిరుగ లెక్కింపవలెను. గయ్యాళి తక్కెడను గింజ గింజగా సరిచేసినట్లుండును ఈ పని. చిన్న పట్టణమునకే గుమాస్తాలకు దినములకొలది పట్టెడిది.

నేడు ఆ శ్రమను కంప్యూటరు క్షణములలో ముగించుచున్నది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1993లో ఎపానెట్ అను ప్రోగ్రామును సిద్ధపరచి ఉచితముగా లోకమునకు ఇచ్చినది. ఇప్పటికిని అనేక దేశముల ఇంజనీర్లు దానిని వాడుచున్నారు. ప్రతి గొట్టపు పొడవు, వ్యాసము, వయస్సు, ప్రతి కూడలి నేల ఎత్తు, ప్రతి వీథి వాడకము, ట్యాంకుల మట్టములు, పంపుల బలము దానిలో వ్రాసినచో, గంట గంటకు ఎక్కడ ఎంత ఒత్తిడి యుండునో అది చెప్పును. దీనినే జలవితరణ నమూనా అందురు. కొత్త కాలనీ వచ్చినచో నేమగును? వేసవిలో ట్యాంకు సగమే నిండిన నేమగును? పెద్ద గొట్టమొకటి పగిలిన ఏ వీథులు ఎండును? ఇట్టి ప్రశ్నలన్నియు నమూనాను అడిగి, జనులకు కష్టము కలుగకముందే సమాధానము పొందవచ్చును.

అయితే నమూనా జ్యోతిషము కాదు. దానిలో ఏమి పోసితిమో అదే బయటికి వచ్చును. పటములో 200 మిల్లీమీటర్లని వ్రాసియున్న గొట్టము, నలుబది ఏండ్లుగా నేలలో నుండి, లోపల తుప్పు పెట్లు కట్టి గరుకుబారి యుండవచ్చును. గరుకు గొట్టమున ఖర్చు కొత్తదానికంటె ఒకటిన్నర రెట్లకు పైగా నుండును. పటములో తెరచియున్న వాల్వు నిజముగా సగము మూసి, దానిపై తారురోడ్డు పడియుండవచ్చును. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిరుగును, ఏ మలుపువద్ద పాత గొట్టము సందుకట్టి యున్నది, ఏ వీథికి ఎవరి కాలమున దొంగచాటుగా కనెక్షను కలిసినది అను సంగతులు కార్యాలయపు దస్త్రములలో నుండవు. ముప్పది ఏండ్లు తాళపుచెవి భుజమున వేసికొని తిరిగిన లైన్‌మన్ మనస్సులో నుండును. అతడు ఉద్యోగవిరమణ చేసిన నాడు ఆ విద్య అతనితో ఇంటికి పోవును. నమూనా తయారుచేయువారు మొట్టమొదట చేయవలసిన పని, అతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పటమును దిద్దుకొనుట. రెండవ పని, వీథులలో అక్కడక్కడ ఒత్తిడిని కొలచి, నమూనా చెప్పిన అంకెతో పోల్చుట. పోలికలో తేడా వచ్చినచోట నేలలో ఏదో దాగియున్నదని గ్రహింపవలెను. లీకులు పెక్కు ఇట్లే పట్టువడును.

మన దేశమున మరియొక చిక్కు కలదు. ఈ లెక్కలన్నియు గొట్టములు ఎల్లవేళల నీటితో నిండియుండునని తలచి కట్టినవి. హైదరాబాదునందలి పెక్కు ప్రాంతములకు దినము విడిచి దినము, అదియు కొన్ని గంటలు మాత్రమే నీరు వచ్చును. నీరు విడిచిన తొలి నిమిషములలో గొట్టములోని గాలి బయటికి పోవలెను, పల్లపు వీథులు మొదట నిండవలెను, పిదప మెట్టవీథుల వంతు. నీరు ఎంతసేపుండునో తెలియదు గనుక ప్రతివారును ఒక్కమారే కుళాయి విప్పుదురు, కొందరు గొట్టమునకే మోటారు తగిలించి లాగుదురు. అపుడు రద్దీ సగటునకు మూడింతలతో ఆగదు. ఇంకను అపాయకరమైన సంగతి యేమనగా, మోటారు లాగుటవలన గొట్టములో ఒత్తిడి సున్నకు దిగువకు పోయినచో, ప్రక్క మురుగుకాలువనుండి మురికి పగుళ్లగుండ లోనికి చొచ్చును. ఒకరి తొందర అందరి కడుపులలోనికి రోగము తెచ్చును. కనుక ఒత్తిడి సౌకర్యమునకు మాత్రమే చెందిన విషయము కాదు, ఆరోగ్యమునకు కావలి.

ఇక నగరపు అంచుకు వత్తము. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు చుట్టును పొలములు ప్లాట్లైనవి, ప్లాట్లు మేడలైనవి. మూడంతస్తులకు వేసిన గొట్టముల ప్రక్కన ముప్పది అంతస్తులు లేచుచున్నవి. ఒక మేడలో నాలుగువందల కుటుంబములున్నచో, అది నీటిలెక్కలో ఒక చిన్న గ్రామము. ఇల్లు కట్టుటకు అనుమతి యిచ్చు బల్లకును, నీటి లెక్క కట్టు బల్లకును నడుమ నిత్యసంబంధ ముండవలెను. మేడ లేచిన పిదప గొట్టమును గూర్చి ఆలోచించుట, పెండ్లివారు విస్తళ్లముందు కూర్చుండిన పిదప ఎసరు పెట్టుటవంటిది.

మరల పెద్దవూరకు మరలుదము. నగరపు చివరి కుళాయివద్ద పెరిగిన ప్రతి బిందెకును ఇక్కడ బదులు చెప్పవలెను. సాగరము నిండుమట్టము 590 అడుగులు. నీటిమట్టము 510 అడుగులకు దిగజారినచో పుట్టంగండి పంపులకు నీరు అందుట కష్టమగును. అట్టి వేసవులలో, 2024లో జరిగినట్లు, అదనపు పంపులు దించి నీటిని తోడవలసి వచ్చును. ఈ ఇబ్బంది తొలగింపవలెనని, మరింత లోతునుండి నీరు తీయుటకై పెద్దవూర మండలమందలి సుంకిశాలవద్ద 2022 మేలో మరొక పథకమునకు శంకుస్థాపన జరిగినది. 2024 ఆగస్టు మొదట సాగరము నిండుచున్న వేళ, కట్టుబడిలో నున్న అచ్చటి పంపుహౌసు ప్రక్కగోడ కూలి నీరు లోనికి వచ్చినది. నీటి ఒత్తిడి ఎంతటిదో, దానిని తక్కువగా అంచనా వేయరాదని ఆ సంఘటన జ్ఞప్తి చేయుచున్నది.

మరియొక లెక్క. సాగరపు 510 అడుగులనగా సముద్రమట్టమునకు 155 మీటర్లు. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. అనగా ప్రతి చుక్కయు మూడువందల ఎనుబది మీటర్ల కొండ ఎక్కి నగరము చేరవలెను. వేయి లీటర్ల నీటిని అంత ఎత్తునకు ఎత్తుటకు, యంత్రములలో ఏమాత్రము నష్టము లేదనుకొన్నను, ఒక యూనిటు విద్యుత్తు కావలెను. నిజముగా అంతకు హెచ్చుగనే యగును. నగరమున పగిలిన గొట్టమునుండి మురుగుకాలువలోనికి వేయి లీటర్లు కారినచో, నీటితోపాటు ఆ విద్యుత్తును కారిపోయినట్లే. క్రొత్త నదిని వెదకుటకంటె పాతగొట్టమును బాగుచేయుట చౌకయని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఈ నీరు బయలుదేరు జిల్లాయే దశాబ్దములపాటు మంచినీటికి మొగమువాచి యున్నదను సంగతి మరువరాదు. నల్లగొండ జిల్లాలోని పెక్కు గ్రామములలో బావినీటియందు ఫ్లోరైడు హద్దుమీరి యున్నది. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. దాటిన నీరు త్రాగి పిల్లల పండ్లు గారపట్టుటయు, పెద్దల ఎముకలు బిగిసి నడుములు వంగుటయు ఈ ప్రాంతమువారు కన్నులార చూచిన దుఃఖము. పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించుటకు నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధనాలయమువారు 1970వ దశకమున కనిపెట్టిన విధానమునకు లోకమంతటను "నల్లగొండ పద్ధతి" యని పేరు. ఒక జిల్లాకు ఇట్టి కీర్తి రాకుండిననే బాగుండెడిది. తరువాత కృష్ణనీరు ఈ గ్రామములకును వచ్చినది. 2015 జూనులో చౌటుప్పలువద్ద పైలాను నిలిపి, 2016 ఆగస్టులో ప్రారంభించిన మిషన్ భగీరథ పథకమున పల్లెలో మనిషికి దినమునకు 100 లీటర్లు, పురపాలక సంఘములలో 135, నగరపాలక సంస్థలలో 150 లీటర్లు ఈయవలెనని సంకల్పించిరి.

పల్లెకు గూడ ఈ గొట్టముల శాస్త్రమే వర్తించును. తండా చివరి యింటికి నీరు రాకున్న, దానికి కారణము కృష్ణలో నీరు లేకపోవుట కానక్కరలేదు. మధ్యలో ఎవరో గొట్టమునకు రంధ్రము చేసి పశువుల తొట్టికి విడిచి యుండవచ్చును, కుళాయి తలలేక రాత్రింబవళ్లు కారుచుండవచ్చును. ఒత్తిడి అక్కడనే తరిగిపోయి, చివరివారు మరల ఫ్లోరైడు బోరునే ఆశ్రయింతురు. నగరమున ఒత్తిడి లేకున్న అసౌకర్యము, ఇక్కడ ఒత్తిడి లేకున్న వంగిన నడుములు.

కాబట్టి నీటిలెక్క ఇంజనీర్లకు మాత్రమే వదలివేయదగినది కాదు. ఇల్లు కొనువారు, ప్లాటు కొనువారు, కాలనీ సంఘమువారు మూడు ప్రశ్నలు అడుగుట నేర్చుకొనవలెను. ఈ చోటికి నీరు తెచ్చు గొట్టము ఎంత పెద్దది, ఎన్ని ఇండ్లకని వేసినది? ఉదయపు రద్దీలో చివరి యింటివద్ద ఎంత ఒత్తిడి మిగులును? మేము కలిసిన పిదప మాకు ముందున్నవారికి ఎంత మిగులును? మూడవ ప్రశ్న ఎవరును అడుగరు, అన్నిటిలోను ముఖ్యమైనది అదియే. మనము రాకముందు ఆ వీథిలో ఒక యిల్లాలు బిందె నింపుకొనుచుండెను. ఆమెకు ముందు అక్కంపల్లి ప్రక్క గ్రామమున మరొకతె బిందె పట్టుకొని నిలుచుండెను. ఆ యిరువురి బిందెలు నిండిన తరువాతనే మన బిందె నిండునట్లు గొట్టమును వేసికొనగలిగినచో, ఊరు ఎంత పెరిగినను భయము లేదు.